పిప్ మాటలు కాదు, చేతులు చూడండి

చార్లెస్ డికెన్స్ నవల 'గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్'ని బడిలో చదివే పిల్లలకు పరీక్షలో తప్పని ప్రశ్న 'క్యారెక్టర్ స్కెచ్'. జో గార్జరీ పాత్ర గురించి రాయండి, మిస్ హావిషమ్ స్వభావాన్ని వివరించండి అని అడుగుతారు. గైడ్లలో జవాబులు తయారుగా ఉంటాయి. జో మంచివాడు, అమాయకుడు, ఓర్పు గలవాడు. మిస్ హావిషమ్ పగబట్టిన మనిషి. ఎస్టెల్లా అందగత్తె, పొగరుబోతు, మనసు లేనిది. మాగ్‌విచ్ చూడ్డానికి కర్కోటకుడు, లోపల విశ్వాసం గలవాడు. ఇవి అబద్ధాలేం కావు, మార్కులూ పడతాయి. కానీ ఈ విశేషణాలు ముందే బట్టీపట్టి నవల తెరిస్తే అందులోని మనుషులు మనకు దొరకరు. ఎందుకంటే ఎవరు ఎలాంటివాళ్లో తేల్చుకోలేక నానా తిప్పలూ పడేది కథ చెబుతున్న పిప్పే. ఇరవై మూడేళ్లు వచ్చేదాకా అతను తన చుట్టూ ఉన్నవాళ్లను చాలామటుకు తప్పుగానే అంచనా వేశాడు. ఆ తప్పుల కథే ఈ నవల.

ఇది 1860 డిసెంబరు 1 నుంచి 1861 ఆగస్టు 3 దాకా డికెన్స్ సొంత వారపత్రిక 'ఆల్ ది ఇయర్ రౌండ్'లో సీరియల్‌గా వచ్చింది. 59 అధ్యాయాలు, మూడు భాగాలు. బ్రిటన్‌లో పదహారేళ్ల పిల్లలు రాసే జీసీఎస్‌ఈ పరీక్షల పుస్తకాల జాబితాలో దీనికి చోటుంది కాబట్టి, అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలకు కూడా ఇది పాఠంగా ఎదురవుతుంది. మన దగ్గర కుదించిన 'నాన్‌డిటైల్డ్' పుస్తకంగానో సినిమాగానో తెలిసినవాళ్లు ఎక్కువ. 1946లో డేవిడ్ లీన్ తీసిన ఇంగ్లిషు చిత్రం, 2016లో ఇదే కథను కశ్మీరుకు మార్చి తీసిన హిందీ 'ఫితూర్' కొందరికి గుర్తుండే ఉంటాయి.

కథ తెలియనివాళ్ల కోసం నాలుగు మాటలు. ఇంగ్లండ్‌లోని కెంట్ ప్రాంతంలో, థేమ్స్ నది సముద్రాన్ని చేరే వైపు చిత్తడి నేలల్లో ఒక పల్లె. తల్లీ తండ్రీ లేని పిప్‌ను అక్క పెంచుతుంది. బావ జో కమ్మరి. క్రిస్మస్ ముందురోజు సాయంత్రం, తల్లిదండ్రుల సమాధుల దగ్గర నిలబడ్డ ఏడేళ్ల పిప్‌ను జైలు ఓడ నుంచి పారిపోయి వచ్చిన మాగ్‌విచ్ పట్టుకుంటాడు. కాలి సంకెల కోసుకోవడానికి ఆకురాయి, తినడానికి తిండి తెమ్మని బెదిరిస్తాడు. పిప్ ఇంట్లో దొంగతనం చేసి తెచ్చిస్తాడు. తర్వాత పక్క పట్నంలోని ధనికురాలు మిస్ హావిషమ్ ఇంటికి ఆడుకోవడానికి పిలుపు వస్తుంది. అక్కడ ఎస్టెల్లాను చూసి మనసు పారేసుకుంటాడు. అప్పటి నుంచి కమ్మరి కొలిమి అంటే సిగ్గు. కొన్నేళ్లకు జాగర్స్ అనే లాయరు వచ్చి, పేరు చెప్పడానికి ఇష్టపడని ఒకరు నీకు ఆస్తి ఇస్తున్నారు, లండన్ వచ్చి పెద్దమనుషుల్లో కలువు అంటాడు. ఆ దాత మిస్ హావిషమే అనీ, ఎస్టెల్లాను తనకిచ్చి పెళ్లి చేయడానికే ఇదంతా చేస్తోందనీ పిప్ గట్టిగా నమ్ముతాడు. నిజానికి ఆ డబ్బు మాగ్‌విచ్‌ది.

చదివేటప్పుడు ముందుగా మనసులో పెట్టుకోవాల్సిన సంగతి ఒకటుంది. పుస్తకంలో పిప్‌లు ఇద్దరు. కథలో నడిచే పిప్ ఒకడు, అన్నీ అయిపోయాక కూర్చుని కథ చెబుతున్న పిప్ ఇంకొకడు. చెబుతున్నవాడికి అంతా తెలుసు, అయినా ముందే బయటపెట్టడు. అప్పుడు తనకెలా కనిపించిందో అలాగే చూపించి, తను పడ్డ భ్రమలో మననీ పడనిస్తాడు. ఇ.ఎం. ఫార్‌స్టర్ అనే రచయిత 1927లో వచ్చిన 'ఆస్పెక్ట్స్ ఆఫ్ ది నావెల్'లో పాత్రల్ని నిండైనవి, చదునైనవి అని విడదీసి, డికెన్స్ పాత్రలు దాదాపు అన్నీ చదునైనవే అన్నాడు. క్లాసుల్లో ఇప్పటికీ ఈ మాట చెబుతారు. ఈ నవల వరకు నేను ఒప్పుకోను. ఇక్కడ చదునుగా ఉన్నది పిప్ చూపు. అది మారినకొద్దీ అవే మనుషులు నిండుగా కనబడతారు.

మరి చెప్పేవాడి చూపునే నమ్మలేనప్పుడు దేన్ని పట్టుకుని చదవాలి? చేతుల్ని. డికెన్స్ ఇందులో ముఖ్యమైన ప్రతి మనిషి చేతులకూ ఏదో ఒక పని పెట్టాడు. విమర్శకులు ఎప్పటి నుంచో గమనించిన విషయమే ఇది. గైడ్లలోకి మాత్రం రాదు.

పిప్ అక్క మిసెస్ జోతో మొదలుపెడదాం. తమ్ముణ్ని తన చేతుల మీదుగా పెంచానని ఆమె గొప్ప, ఊళ్లోవాళ్లూ అదే మాట అంటారు. ఆ చేతులు తమ్ముడి మీదా మొగుడి మీదా ఒకేలా పడుతుంటాయి. కొట్టే బెత్తానికి 'టిక్లర్' అని పేరు కూడా పెట్టింది. ఆమె రొట్టె కోసే తీరును డికెన్స్ ఎంత దగ్గర నుంచి చూపిస్తాడో గమనించండి. ఏప్రన్ ముందు భాగం నిండా గుండుసూదులూ కుట్టుసూదులూ గుచ్చి ఉంటాయి. ఆమె రొట్టెను గుండెలకు అదిమిపట్టుకుని కోస్తుంది. అప్పుడప్పుడు ఒక సూది రొట్టెలోకి, అక్కడి నుంచి తినేవాళ్ల నోట్లోకి వస్తుంది. ఆమె పెంపకం గురించి ఇంతకన్నా చెప్పక్కర్లేదు. అన్నం పెట్టింది, అందులో సూదులూ పెట్టింది. కానీ ఆమెనూ అక్కడే వదిలేయకూడదు. తర్వాత ఆర్లిక్ అనే పనివాడు కొట్టిన దెబ్బకు ఆమె మాట పోయి మంచాన పడుతుంది. పోయే ముందు చేతులు జో మెడ చుట్టూ వేయించుకుని, అతని భుజం మీద తల వాల్చి, క్షమించమని అడుగుతుంది. అది చూసింది పిప్ కాదు, ఆమెకు సేవ చేయడానికి వచ్చిన బిడ్డీ అనే అమ్మాయి. పిప్‌కు ఆ కబురు అంత్యక్రియలకు వచ్చినప్పుడు గానీ తెలియలేదు.

జో గురించి 'అమాయకుడు' అని రాసేసే పిల్లలకు నేను చూపించాలనుకునేది క్రిస్మస్ విందు. పెద్దవాళ్లంతా బల్ల చుట్టూ కూర్చుని, పెంచినవాళ్ల పట్ల విశ్వాసం ఎలా ఉండాలో పిప్‌కు నీతులు చెబుతుంటారు. అందరికన్నా ముందుండి దెప్పేది పంబుల్‌చూక్ అనే వ్యాపారి. జో ఒక్క మాట అనలేడు. అన్నా భార్య ఊరుకోదు. అందుకని ఎవరైనా పిప్‌ను ఒక మాట అన్నప్పుడల్లా పిప్ పళ్లెంలో ఇంకాస్త గ్రేవీ పోస్తాడు. మాట సాయం చేయలేని మనిషి గరిటెతో చేస్తున్న సాయం అది.

జో ఎందుకలా ఉంటాడో ఏడో అధ్యాయంలో అతనే చెబుతాడు. అతని తండ్రి తాగుబోతు. తల్లినీ తననూ చితకబాదేవాడు. తల్లి కొడుకును తీసుకుని పారిపోయేది, తండ్రి వెతికి పట్టుకొచ్చేవాడు. అందుకే జోకు చదువు అబ్బలేదు. జీవితాంతం గొడ్డుచాకిరీ చేసి నలిగిపోయిన తల్లిని చూసినవాడు కాబట్టి, ఒక ఆడదాని పట్ల పొరపాటున కూడా తన తండ్రిలా కాకూడదని గట్టిగా అనుకున్నాడు. భార్య ఏమన్నా పడుండటం చేతకాక కాదని ఇక్కడ తెలుస్తుంది. ఆ ఊళ్లో జోను కొట్టి నిలబడగలిగే మొనగాడు లేడు. ఆర్లిక్ నోరుజారినప్పుడు ఒక్క దెబ్బకు బొగ్గు మసిలో పడేస్తాడు. పిప్‌ను లండన్ పంపినందుకు నష్టపరిహారం ఇస్తానని జాగర్స్ రెట్టించి అడిగితే పిడికిళ్లు బిగించి లేస్తాడు. అంతకు ఒక్క క్షణం ముందే అదే చెయ్యి పిప్ భుజం మీద ఎంత మెత్తగా పడిందో పెద్దవాడైన పిప్ గుర్తు చేసుకుని కుమిలిపోతాడు. అప్పటి పిప్ మాత్రం దాన్ని పట్టించుకోలేదు. ఇందులో జో లోపమూ ఉంది. భార్య పిల్లాణ్ని కొడుతుంటే అడ్డుపడలేకపోయాడు. అడ్డుపడితే ఇంకా గట్టిగా కొట్టేదని చివర్లో పిప్‌తో ఒప్పుకుంటాడు. ఈ ఒప్పుకోలు కూడా రాస్తేనే జో గురించి పూర్తిగా రాసినట్టు.

ఇక మిస్ హావిషమ్ ఇల్లు. గడియారాలన్నీ తొమ్మిదికి ఇరవై నిమిషాల ముందు ఆగిపోయి ఉంటాయి. పెళ్లిరోజు ఉదయం సరిగ్గా ఆ వేళకే వరుడు రావడం లేదన్న ఉత్తరం అందింది. ఒక కాలికే చెప్పు ఉంది, రెండోది బల్ల మీదే ఉండిపోయింది. తెల్లని పెళ్లి గౌను పసుపుపచ్చగా మారింది. పిప్ ఎస్టెల్లాతో పేకాట ఆడతాడు. పేకముక్కల్ని అతను పిలిచే పేర్లు విని ఎస్టెల్లా ఈసడిస్తుంది. అతని చేతులు మొరటుగా ఉన్నాయంటుంది, బూట్లు మోటుగా ఉన్నాయంటుంది. అప్పటిదాకా తన చేతులు ఎలా ఉన్నాయో పిప్‌కు ఆలోచనే రాలేదు. బయట అతనికి అన్నం పెట్టినప్పుడు కుక్కకు పెట్టినట్టు మొహం కూడా చూడకుండా పెడుతుంది. పిప్ గోడను తన్నుతాడు, జుట్టు పీక్కుంటాడు, ఏడుస్తాడు. ఇంటికెళ్లాక అక్క, పంబుల్‌చూక్ అడిగితే నిజం చెప్పడు. నల్ల వెల్వెట్ బండి, వెండి బుట్టలోంచి మాంసం ముక్కల కోసం కొట్టుకునే కుక్కలు, జెండాలు, కత్తులు అని నోటికొచ్చింది చెబుతాడు.

ఈ అబద్ధాలు ఎందుకు ఆడాడన్నది పరీక్షల్లో అడగదగ్గ ప్రశ్న. తను అక్కడ పడ్డ అవమానాన్ని ఈ మనుషులకు చెబితే అర్థం కాదని ఆ వయసులోనే పిప్‌కు తెలిసిపోయింది. ఇంకో విశేషం, ఆ రాత్రే జో దగ్గరకు వెళ్లి అవన్నీ అబద్ధాలని ఒప్పుకుంటాడు. ఊరంతటిలో నిజం చెప్పదగ్గ మనిషి ఎవరో పిల్లాడికి తెలుసు. జో తిట్టడు, కొట్టడు. అబద్ధాల దారిలో పోతే గొప్పవాడివి కాలేవని మెల్లగా చెప్పి పడుకోమంటాడు. పడుకున్నాక కూడా పిప్ ఆలోచన ఒక్కటే. ఎస్టెల్లా జోను చూస్తే అతని చేతులు, బూట్లు ఎంత మోటుగా అనిపిస్తాయో కదా అని.

ఈ సిగ్గు డికెన్స్‌కు బాగా తెలుసు. 1824లో అతని తండ్రి అప్పులపాలై లండన్‌లోని మార్షల్‌సీ జైల్లో పడ్డాడు. పన్నెండేళ్ల చార్లెస్ బూట్ పాలిష్ తయారుచేసే వారెన్ కార్ఖానాలో డబ్బాలకు లేబుళ్లు అంటించే పనిలో చేరాడు. జీతం వారానికి ఆరేడు షిల్లింగులు. అంత పేరొచ్చాక కూడా ఆ సంగతి బయటి లోకానికి తెలియనివ్వలేదు. అతను పోయాక మిత్రుడు జాన్ ఫార్‌స్టర్ రాసిన జీవితచరిత్రలో గానీ పాఠకులకు తెలియలేదు. చేతులకు మసి అంటిన పిల్లాడు ఆ మసిని ఎందుకు దాచుకుంటాడో రాయగలిగింది అందుకే.

లండన్ వెళ్లాక పిప్‌కు దొరికిన మంచి స్నేహితుడు హెర్బర్ట్ పాకెట్. అతను కూడా పిప్ చేతుల తప్పులే పట్టుకుంటాడు. భోజనాల దగ్గర కత్తి నోట్లో పెట్టుకోకూడదు, చెంచా ఇలా పట్టుకోవాలి అని చెబుతాడు. కానీ ఎలా చెబుతాడు? మిస్ హావిషమ్ పెళ్లి ఆగిపోయిన కథ చెబుతూ, మధ్యమధ్యలో ఒక్కో మాట సరదాగా కలిపేస్తాడు. పిప్‌కు చిన్నతనం అనిపించదు. ఎస్టెల్లా ఎత్తిచూపిందీ హెర్బర్ట్ సరిదిద్దిందీ ఒకే రకం తప్పులు. ఇద్దరి స్వభావాల మధ్య తేడా చూపమంటే నేను ఈ రెండు భోజనాలనూ పక్కపక్కన పెట్టి చూపిస్తాను. లండన్‌లో అప్పులు చేసి డబ్బు తగలేసిన పిప్ చేసిన ఒకే ఒక్క మంచి పని కూడా హెర్బర్ట్ కోసమే. ఇరవై ఒకటో పుట్టినరోజున చేతికొచ్చిన 500 పౌండ్లలో సగంతో, హెర్బర్ట్‌కు తెలియకుండా అతన్ని ఒక వ్యాపారంలో చేర్పించే ఏర్పాటు మొదలుపెట్టాడు.

పల్లెలో ఉన్నప్పుడు పిప్‌ను అర్థం చేసుకున్నది బిడ్డీ. ఆమె జుట్టు చక్కబడిందనీ, చేతులు ఎప్పుడూ శుభ్రంగా ఉంటున్నాయనీ పిప్ గమనిస్తాడు. అంతలోనే ఎస్టెల్లా అంత అందం లేదని మనసులో పక్కన పెట్టేస్తాడు. పెద్దమనిషి కావాలన్న కోరికను చెప్పుకుంటే, ఎస్టెల్లాను సాధించడానికా, ఆమె మెప్పు పొందడానికా అని బిడ్డీ సూటిగా అడుగుతుంది. పిప్ దగ్గర జవాబు లేదు. జుట్టు పీక్కుంటుంటే, పనిచేసి గరుకెక్కిన తన చేత్తో అతని చేతుల్ని నెమ్మదిగా తీసి పక్కన పెడుతుంది. బిడ్డీకి డికెన్స్ ఇంకొన్ని పేజీలు ఇచ్చి ఉండాల్సింది.

నవలలో నన్ను అన్నింటికన్నా కష్టపెట్టేది 27వ అధ్యాయం. జో లండన్ వస్తాడు. డబ్బిచ్చి రాకుండా ఆపగలిగితే ఆపేవాణ్నే అని పెద్దవాడైన పిప్ దాచుకోకుండా చెబుతాడు. జో వేసుకున్న బట్టలు అతనికి అతకవు. టోపీని ఎక్కడ పెట్టాలో తెలియక పొయ్యి పైనున్న పలక అంచున పెడతాడు. అది పడుతుంది, పట్టుకుంటాడు. మళ్లీ పెడతాడు, మళ్లీ పడుతుంది. చిన్నప్పటి నుంచి ఎత్తుకు తిరిగిన పిల్లాణ్ని 'సార్' అని పిలుస్తుంటాడు. పిప్‌కు చిరాకు. తను మామూలుగా ఉంటే జో కూడా మామూలుగా ఉండేవాడని అప్పుడు తట్టదు. వెళ్లేటప్పుడు జో చెప్పే మాటలే అసలైనవి. మనుషులు వేర్వేరు లోహాల పనివాళ్లలా విడిపోతుంటారనీ, లండన్‌లో ఈ బట్టల్లో తాను తప్పుగానే కనబడతాననీ, కొలిమి దగ్గర సుత్తి పట్టుకుని ఉన్నప్పుడు వచ్చి చూస్తే ఇన్ని లోపాలు కనిపించవనీ అంటాడు. పిప్ నుదుటి మీద మెల్లగా చెయ్యి వేసి వెళ్లిపోతాడు. అక్షరం ముక్క రానివాడని పిప్ సిగ్గుపడ్డ మనిషి, తమ మధ్య ఏం జరిగిందో పిప్ కన్నా ముందే, పిప్ కన్నా స్పష్టంగా గ్రహించాడు. ఇలాంటి మనిషి గురించి 'అమాయకుడు' అని ఎలా రాస్తాం?

మాగ్‌విచ్ తిరిగొచ్చే 39వ అధ్యాయంలో చేతులు ఇంకా గట్టిగా మాట్లాడతాయి. తుపాను రాత్రి. మెట్లెక్కి వచ్చిన ముసలివాడు రెండు చేతులూ చాస్తాడు. పిప్ వెనక్కి తగ్గుతాడు. నిన్ను పెద్దమనిషిని చేసింది నేనేనని చెప్పి, పిప్ చేతులు పట్టుకుని ముద్దుపెట్టుకుంటాడు. వేలి ఉంగరాన్ని, గడియారాన్ని, పుస్తకాల్ని మురిపెంగా చూసుకుంటాడు. పిప్‌కు ఒళ్లు జలదరిస్తుంది. అప్పటి చట్టం ప్రకారం, జీవితాంతం ఆస్ట్రేలియాకు పంపేసిన ఖైదీ తిరిగొస్తే ఉరి. అది తెలిసీ మాగ్‌విచ్ వచ్చాడు, ఈ చేతుల్ని ఒక్కసారి చూడటానికి.

ఇతన్ని ఉత్త త్యాగమూర్తిగా రాయకూడదు. అతని ప్రేమలో కసి కూడా ఉంది. చిన్నప్పుడు టర్నిప్ దుంపలు దొంగిలించి బతికినవాడు. కాంపీసన్ అనే మోసగాడితో కలిసి కేసులో ఇరుక్కుంటే, మంచి బట్టలు, మంచి మాటతీరు ఉన్న కాంపీసన్‌కు ఏడేళ్లు, మాగ్‌విచ్‌కు మొదట పద్నాలుగేళ్లు శిక్ష పడింది. పెద్దమనిషిలా కనిపించడం వల్ల ఏం ఒరుగుతుందో కోర్టులోనే నేర్చుకున్నాడు. ఆస్ట్రేలియాలో గొర్రెల మందలు పెంచి సంపాదిస్తూ, గుర్రాల మీద దుమ్ము లేపుకుంటూ పోయే దొరల్ని చూసి, మీకన్నా మేలైన దొరను నేను తయారు చేస్తున్నానని లోలోపల చెప్పుకునేవాడు. పిప్ అతనికి కొడుకు లాంటివాడే, లోకం మీద గెలుపుకు రుజువు కూడా.

ఇక్కడ మిస్ హావిషమ్‌ను అతని పక్కన నిలబెట్టి చూడాలి. ఇద్దరూ దెబ్బతిన్నది ఒకే మనిషి చేతిలో. ఆమెను పెళ్లి పేరుతో మోసగించింది కూడా కాంపీసనే. ఇద్దరూ ఒక్కో పసిబిడ్డను తీసుకుని తమ పగ తీర్చుకునే సాధనంగా మలిచారు. మగవాళ్ల గుండెలు పగలగొట్టడానికి ఆమె ఎస్టెల్లాను పెంచింది. ఆ ఎస్టెల్లా మాగ్‌విచ్ సొంత కూతురని అతనికీ తెలియదు, ఆమెకీ తెలియదు. చివరికి మిస్ హావిషమ్ తనకు ప్రేమ కావాలని అడిగితే, మీరు నేర్పనిది నేనెక్కడి నుంచి తెచ్చివ్వను, నేను మీరు చేసిన మనిషినే కదా అన్న అర్థంలో ఎస్టెల్లా జవాబిస్తుంది. ఎస్టెల్లాను మనసు లేనిదనే ముందు ఈ 38వ అధ్యాయం రెండుసార్లు చదవాలి. పుస్తకం మొత్తంలో పిప్‌కు అబద్ధం చెప్పనిది ఆమె. నన్ను నమ్ముకోవద్దని పదేపదే హెచ్చరిస్తుంది. వినకపోవడం పిప్ తప్పు.

జాగర్స్ ఒక్కో కక్షిదారు వెళ్లగానే వాసన సబ్బుతో చేతులు కడుక్కుంటాడు. ఎంత పాపపు కేసైనా తనకు అంటకూడదని ఆ అలవాటు. ఈ జాగర్స్ ఇంట్లోనే మోలీ అనే పనిమనిషి ఉంటుంది. విందులో ఆమె మణికట్టు పట్టుకుని, ఆ మచ్చలూ ఆ బలమూ చూడమని అతిథులకు చూపిస్తాడు. అది క్రూరమైన దృశ్యం. చాలాకాలం తర్వాత ఆమె వేళ్లు ఊరికే కదులుతుంటే పిప్ ఉలిక్కిపడతాడు. అల్లిక పని చేస్తున్నట్టున్న ఆ కదలిక అతను ఎస్టెల్లా వేళ్లలో చూశాడు. తల్లి ఎవరో అలా తెలుస్తుంది. జాగర్స్ కూడా ఎప్పుడూ చేతులు కడుక్కునే మనిషి కాదని అప్పుడే బయటపడుతుంది. ఉరికంబం వైపు కుప్పలుగా నడిచే అనాథ పిల్లల్ని రోజూ చూస్తూ, వాళ్లలో ఒక్క ఆడపిల్లనైనా కాపాడదామని మిస్ హావిషమ్‌కు అప్పగించింది అతనే.

49వ అధ్యాయంలో మిస్ హావిషమ్ గౌను అంటుకుంటుంది. పిప్ ఆమెను పట్టుకుని మంటలార్పుతాడు. అతని రెండు చేతులూ కాలిపోతాయి. మొరటుగా ఉన్నాయని మొదలైన చేతులు ఇవే. అవి కట్లతో ఉండగానే మాగ్‌విచ్‌ను దేశం దాటించడానికి పడవ ఎక్కుతాడు. తెడ్డు వేయలేడు కాబట్టి స్నేహితులు వేస్తారు. ప్రయత్నం విఫలమై మాగ్‌విచ్ దెబ్బలతో పట్టుబడతాడు. పిప్ అతని పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంటాడు. కోర్టులో ముప్ఫై ఇద్దరికి ఒకేసారి ఉరిశిక్ష చదువుతుంటే అందరూ చూస్తుండగా కూడా ఆ చెయ్యి వదలడు. జైల్లో ప్రాణం పోయే ముందు, నీ కూతురు బతికే ఉంది, గొప్పింట్లో ఉంది, నేను ఆమెను ప్రేమిస్తున్నానని చెబుతాడు. మాగ్‌విచ్ ఆ చేతిని పెదవుల దగ్గరకు తీసుకుంటాడు. 39వ అధ్యాయంలో వెనక్కి తగ్గిన పిప్ ఇప్పుడు తనే ఆ చెయ్యి ఎత్తి అందిస్తాడు. పిప్ ఎదిగాడని చెప్పడానికి నాకు ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

ఆ తర్వాత జ్వరంతో పడిపోయిన పిప్‌ను ఎత్తి కూర్చోబెట్టేది, మందు తాగించేది జో. పిప్ నగల కొట్టులో బాకీపడ్డ 123 పౌండ్ల 15 షిల్లింగుల 6 పెన్స్ కూడా ఆ కమ్మరే కట్టి, చెప్పకుండా వెళ్లిపోతాడు. పిప్ కోలుకున్నకొద్దీ జో నోట మళ్లీ 'సార్' రావడం చదివితే, కొన్ని గాయాలు క్షమాపణతో కూడా పూర్తిగా మానవని డికెన్స్‌కు ఎంత బాగా తెలుసో అర్థమవుతుంది.

ముగింపులు రెండున్నాయి. మొదట రాసినదాంట్లో ఎస్టెల్లా వేరొకరిని పెళ్లి చేసుకుంటుంది. లండన్ వీధిలో బండి ఆపి, పిప్‌తో చేతులు కలిపి సాగిపోతుంది. మిత్రుడు బుల్వర్ లిట్టన్ సలహా మీద డికెన్స్ దాన్ని మార్చి, పాడుబడ్డ తోటలో ఇద్దరూ చెయ్యి చెయ్యి పట్టుకుని నడిచినట్టు రాసి అచ్చువేశాడు. మొదటి ముగింపు 1874లో జాన్ ఫార్‌స్టర్ రాసిన జీవితచరిత్ర చివరి సంపుటంలో వెలుగుచూసింది. నా మటుకు మొదటిదే ఈ పాత్రలకు న్యాయం చేసింది. ఎస్టెల్లా ఎవరికో బహుమతిగా మిగలదు, తన బతుకు తను బతుకుతుంది.

మీ ఇంట్లో పిల్లల చేతిలో కుదించిన పుస్తకం ఉంటే అందులో 4, 7, 27, 39 అధ్యాయాలు పూర్తిగా ఉన్నాయో లేదో ఒకసారి చూడండి. కథ నడవడానికి అవసరం లేదని ముందుగా తీసేసేది గ్రేవీ గరిటెను, పడిపోయే టోపీని, ముసలివాడు చాచిన చేతుల్ని. కాపీరైట్ ఎప్పుడో తీరిపోయింది కాబట్టి పూర్తి నవల ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఇంగ్లిషు బరువుగా అనిపిస్తే జో లండన్ వచ్చిన ఆ ఒక్క అధ్యాయమైనా పిల్లలతో కూర్చుని నెమ్మదిగా చదవండి. క్యారెక్టర్ స్కెచ్ ఆ తర్వాత వాళ్లనే సొంతంగా రాయనివ్వండి.